నింద – నిరూపణ (6): ప్రాగ్‌లో ఉదయం 11 గంటలకు

2001 సెప్టెంబర్ 11 దాడులు జరిగిన తర్వాత, చెక్ రిపబ్లిక్ గూఢచారి సంస్థకు కబుర్లు చేరవేసే వేగు ఒకడు మహమ్మద్ అట్టా ఫోటో చూసి, ఈ మనిషిని నేను చూశానన్నాడు. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర భవనాన్ని ఢీకొన్న విమానాన్ని నడిపింది ఈ అట్టాయే. ఆ ఏడాది ఏప్రిల్ 9న ఉదయం 11 గంటలకు ప్రాగ్ నగరంలో ఇతను అల్ అనీ అనే ఇరాక్ అధికారిని కలుసుకున్నాడని ఆ వేగు చెప్పాడు. అల్ అనీ పేరుకు కాన్సల్, పనికి గూఢచారి. అక్టోబర్ 26న చెక్ హోంమంత్రి స్టానిస్లావ్ గ్రాస్ ఈ సంగతి విలేఖరుల ముందు బయటపెట్టాడు. డిసెంబర్ 9న అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ ఆ భేటీ దాదాపు రూఢి అయినట్టేనని టెలివిజన్‌లో చెప్పాడు. ఒకే ఒక్క మనిషి చూశానన్న మాట మూడు నెలలు తిరక్కుండా ఒక అగ్రరాజ్యపు ఉపాధ్యక్షుడి నోట నిజమైపోయింది. సెప్టెంబర్ 11 వెనుక సద్దాం హుస్సేన్ ఉన్నాడనే వాదానికి మూలస్తంభం ఆ ప్రాగ్ ఉదయమే.

ఆ మాటను ఎఫ్‌బీఐ, సీఐఏ, చివరికి దాడులపై ఏర్పాటైన జాతీయ విచారణ సంఘం పరీక్షించాయి. ఏప్రిల్ 4న అట్టా వర్జీనియా బీచ్‌లోని ఒక బ్యాంకులో ఉన్నట్టు అక్కడి కెమెరాలో పడింది. ఏప్రిల్ 11న అతను ఫ్లోరిడాలోని కోరల్ స్ప్రింగ్స్‌లో సహచరుడితో కలిసి ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాడు. మధ్యలో 6, 9, 10 తేదీల్లోనూ, 11నా అతని సెల్‌ఫోన్ నుంచి ఫ్లోరిడా టవర్ల మీదుగా పలుమార్లు కాల్స్ వెళ్లాయి. ఆ రోజుల్లో అతను అమెరికా దాటి వెళ్లినట్టు గానీ, చెక్ గడ్డ మీద అడుగుపెట్టినట్టు గానీ ఏ రికార్డూ లేదు. అన్నిటికన్నా బలమైన సంగతి చెక్ ప్రభుత్వం నుంచే వచ్చింది. ఏప్రిల్ 8, 9 తేదీల్లో అల్ అనీ ప్రాగ్‌కు సుమారు 70 మైళ్ల దూరంలో ఉన్నాడు, 9వ తేదీ మధ్యాహ్నానికి గానీ తిరిగి రాలేదు. వేగు మాత్రం 11 గంటలన్న మాట దగ్గర గట్టిగా నిలబడ్డాడు. ఆ ఫోన్‌ను ఇంకెవరైనా వాడి ఉండవచ్చు, అట్టా దొంగ పేరుతో ప్రయాణించి ఉండవచ్చు, కాబట్టి ఆ భేటీ అసాధ్యమని నూటికి నూరుపాళ్లూ చెప్పలేమని సంఘం ఒప్పుకుంది. కానీ దొరికిన సాక్ష్యమేదీ దాన్ని బలపరచడం లేదని తేల్చింది. 2003 జూలైలో అమెరికా సేనలకు పట్టుబడిన అల్ అనీ కూడా అట్టాను ఎన్నడూ కలవలేదన్నాడు. ఖైదీ మాట కదా అని దాన్ని పక్కన పెట్టినా, మిగతా లెక్క మారదు.

గత భాగంలో మనం సారయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్యను చూశాం. 1914 జూలై 13న ఆస్ట్రియా అధికారి ఫ్రెడరిక్ వీస్నర్, సెర్బియా ప్రభుత్వానికి ఈ కుట్రలో ప్రమేయం ఉందనడానికి ఆధారం లేదని వియన్నాకు తంతి కొట్టాడు. పది రోజులకు, జూలై 23న, సెర్బియాకు అంతిమ హెచ్చరిక వెళ్లనే వెళ్లింది. హంతకుల వెనుక సెర్బియా సైనిక గూఢచారి విభాగాధిపతి దిమిత్రియెవిచ్ ఉన్నాడని తర్వాత తేలింది, అయితే అతను తన ప్రధానమంత్రి పాసిచ్‌కే బద్ధ విరోధి. అక్కడ మనం ‘ప్రభుత్వం’ అన్న మాటను విడదీసి చూడవలసి వచ్చింది. ఈసారి విడదీయవలసింది ‘సంబంధం’ అన్న మాటను. పెళ్లి సంబంధం చూసి రావడానికీ, తాంబూలాలు పుచ్చుకోవడానికీ, పీటల మీద కూర్చోవడానికీ మధ్య ఎంత దూరముందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒక ప్రభుత్వానికీ ఒక ఉగ్రవాద ముఠాకూ నడుమ కూడా అలాంటి మెట్లున్నాయి. ఇరువైపుల మనుషులు ఎక్కడో కలిసి మాట్లాడుకోవడం ఒకటి. తన గడ్డ మీద తలదాచుకోనివ్వడం దాని పైది. డబ్బూ ఆయుధాలూ శిక్షణా ఇవ్వడం ఇంకా పైది. ఫలానా చోట దాడి చెయ్యమని పురమాయించడం, లేదా జరగబోతోందని తెలిసి చేయి కలపడం అన్నిటికన్నా పైది. సద్దాంకూ అల్‌ఖైదాకూ సంబంధం ఉందన్న వాదంలో దొరికిన రుజువులు కింది మెట్టువి, దేశాన్ని యుద్ధానికి ఒప్పించిన మాటలు పై మెట్లవి. ఆ రెండింటి మధ్య దూరాన్ని ‘సంబంధం’ అన్న ఒక్క మాట కప్పేసింది. 2003 మార్చి 20న మొదలైన యుద్ధానికి చెప్పిన కారణాల్లో ఇది ఒకటి కాబట్టి, ఆ కప్పును ఎత్తి చూడవలసిన బాధ్యత చరిత్ర చదివేవాళ్ల మీద ఉంది.

కింది మెట్టు దగ్గర ఏముందో ముందు నిజాయితీగా చెప్పుకోవాలి. యుద్ధాన్ని వ్యతిరేకించిన వాళ్లలో కొందరు సద్దాంకూ అల్‌ఖైదా నాయకుడు బిన్ లాడెన్‌కూ ఎన్నడూ మాటామంతీ లేదన్నట్టు మాట్లాడారు. అది సరికాదు. 1990లో సద్దాం కువైట్‌ను ఆక్రమించినప్పుడు, అతన్ని ఎదుర్కోవడానికి అమెరికన్లు అక్కర్లేదు, నా ముజాహిదీన్లు చాలునని సౌదీ రాజవంశం దగ్గర ముందుకొచ్చినవాడు బిన్ లాడెన్. ఇద్దరూ పుట్టు శత్రువులే, అయినా మాటలు నడిచాయి. 1991 చివర్లో బిన్ లాడెన్ సూడాన్ చేరి అక్కడ దాదాపు ఐదేళ్లు ఉన్నాడు. ఆ దేశపు ఇస్లామిక్ నాయకుడు హసన్ అల్ తురాబీకి బాగ్దాద్‌తోనూ మంచి సంబంధాలుండేవి. ఆయన మధ్యవర్తిత్వంతో 1994 చివరో 1995 మొదలో ఇరాక్ గూఢచారి అధికారి ఫరూక్ హిజాజీ ఖార్టూంలో బిన్ లాడెన్‌ను కలిశాడు. యుద్ధం తర్వాత పట్టుబడిన హిజాజీ ఆ భేటీ గురించి చెప్పిన వివరాలు అమెరికా సెనేట్ నిఘా సంఘం 2006 నివేదికలో ఉన్నాయి. బిన్ లాడెన్ ఇరాక్‌లో ఒక కార్యాలయం అడిగాడు, సముద్రపు మందుపాతరలు అడిగాడు, సైనిక శిక్షణ అడిగాడు, సౌదీ వ్యతిరేక మతబోధకుడి ప్రసంగాలను ప్రసారం చెయ్యమన్నాడు. ప్రసారాల విషయంలో తప్ప మిగతా వాటికి సద్దాం ఒప్పుకోలేదు. 1998, 1999 సంవత్సరాల్లో కూడా ఇరుపక్షాల మధ్య రాకపోకలు జరిగినట్టు సమాచారం ఉంది. విచారణ సంఘం 2004 జూలైలో ఇచ్చిన తీర్పు వీటన్నిటినీ లెక్కలోకి తీసుకున్నదే. పరిచయాలున్నాయి, అవి కలిసి పనిచేసే స్థితికి చేరినట్టు గానీ, అమెరికా మీద దాడుల్లో ఇరాక్ సహకరించినట్టు గానీ సాక్ష్యం లేదు. ఇది చాలా జాగ్రత్తగా చెప్పిన తీర్పు. దీన్ని ఇరుపక్షాలూ తమకు కావలసినంత మేరకు తుంచుకుని వాడుకున్నాయి.

రెండో మెట్టు, ఆశ్రయం. ఇక్కడ వినిపించిన పేరు అబూ ముసాబ్ అల్ జర్కావీ. జోర్డాన్ మనిషి, ఆఫ్ఘానిస్తాన్‌లో సొంత శిబిరం నడిపినవాడు, తాలిబన్ కూలిపోయాక పడమటికి జారుకున్నాడు. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ భద్రతా మండలిలో మాట్లాడుతూ ఇతన్ని బిన్ లాడెన్ సహచరుడిగా వర్ణించాడు. 2002 మే నెలలో వైద్యం కోసం బాగ్దాద్ వచ్చాడనీ, ఈశాన్య ఇరాక్‌లో అన్సార్ అల్ ఇస్లాం ముఠా శిబిరంతో ఇతనికి పొత్తు ఉందనీ చెప్పాడు. ఈ మాటల్లో చాలామటుకు నిజమే. జర్కావీ బాగ్దాద్‌లో ఉన్నాడు, అన్సార్ శిబిరమూ ఉంది. కానీ ఆ శిబిరం ఉన్న హలబ్జా ప్రాంతం 1991 నుంచీ బాగ్దాద్ ఏలుబడిలో లేదు, కుర్దుల ప్రాంతం అది. అక్కడి ముఠాకు సద్దాం ఆశ్రయం ఇచ్చాడనడం, తన చేతిలో లేని ఇంటి గదిని అద్దెకిచ్చాడన్నట్టే. ఇక బాగ్దాద్ సంగతి. జర్కావీని వెతికి పట్టుకోవడానికి ఇరాక్ గూఢచారి సంస్థ ప్రయత్నించి విఫలమైందని యుద్ధం తర్వాత దొరికిన సమాచారం ఆధారంగా సెనేట్ సంఘం రాసింది. సద్దాం ప్రభుత్వం అతనితో సంబంధం పెట్టుకోలేదనీ, ఆశ్రయమివ్వలేదనీ, చూసీచూడనట్టు కూడా ఊరుకోలేదనీ 2005లో సీఐఏ స్వయంగా తేల్చింది. ఆశ్రయం అంటే ఎలా ఉంటుందో తెలియాలంటే తాలిబన్‌ను చూడాలి. బిన్ లాడెన్‌ను అప్పగించమని 1999లో భద్రతా మండలి 1267వ తీర్మానంతో అడిగింది. తాలిబన్ అప్పగించలేదు, అతను తమ దగ్గర ఉన్నాడన్న సంగతిని దాచలేదు కూడా. ఆఫ్ఘానిస్తాన్ విషయంలో సాక్ష్యం గురించి అంత చర్చ జరగకపోవడానికి కారణం ఇదే.

మూడో మెట్టు దగ్గరకు వచ్చేసరికి చరిత్రలో అతి చీకటి పుట ఒకటి తెరుచుకుంటుంది. ఇరాక్ అల్‌ఖైదా వాళ్లకు బాంబుల తయారీలో, విషాల్లో, మారక వాయువుల్లో శిక్షణ ఇచ్చిందని 2002 అక్టోబర్ 7న సిన్సినాటి ప్రసంగంలో అధ్యక్షుడు బుష్ చెప్పాడు. నాలుగు నెలల తర్వాత భద్రతా మండలిలో పావెల్ దాన్నే ఒక ఉగ్రవాద నాయకుడి వాంగ్మూలంగా, పేరు చెప్పకుండా, ప్రపంచం ముందు పెట్టాడు. ఆ మనిషి ఇబ్న్ అల్ షేక్ అల్ లిబీ. ఆఫ్ఘానిస్తాన్‌లో ఖల్దాన్ శిక్షణ శిబిరాన్ని నడిపిన లిబియావాడు. 2001 చివర్లో పాకిస్తాన్‌లో పట్టుబడ్డాడు. 2002 జనవరిలో సీఐఏ అతన్ని ఈజిప్టుకు అప్పగించింది. ఈజిప్టులో అతను ఏం అనుభవించాడో తర్వాత సీఐఏ సందేశాల్లోనే నమోదైంది. సుమారు 50 సెంటీమీటర్ల పెట్టెలో దాదాపు 17 గంటలు కుక్కి ఉంచారు. బయటికి తీశాక కొట్టారు. ఇరాక్ గురించి అడిగారు. ఆ విషయం తనకేమీ తెలియదు కాబట్టి కథ అల్లడానికి కూడా కష్టపడ్డానని అతను చెప్పుకున్నాడు. అల్లాడు. ఆ కథే వాషింగ్టన్ చేరింది. 2004 జనవరిలో, తిరిగి అమెరికా చేతిలోకి వచ్చాక, అదంతా అబద్ధమన్నాడు. సీఐఏ ఆ నివేదికలను వెనక్కి తీసుకుంది. అప్పటికి యుద్ధం మొదలై ఏడాది కావస్తోంది. అతను 2009 మేలో లిబియా జైలులో చనిపోయాడు.

హింస పెట్టి రాబట్టిన మాట నమ్మకూడదన్నది ఏ చట్టమైనా ఒప్పుకునే సూత్రం. ఇక్కడ ఆ సూత్రం దాకా కూడా వెళ్లనక్కర్లేదు. అల్ లిబీ అడిగినవాళ్లను కావాలనే తప్పుదారి పట్టిస్తూ ఉండవచ్చనీ, అతని మాటల్లో ఆయుధాల పేర్లు గానీ చోట్లు గానీ లేవనీ అమెరికా రక్షణ గూఢచారి సంస్థ 2002 ఫిబ్రవరిలోనే రాసింది. సద్దాం పాలన మతవిప్లవకారులను చూసి జంకుతుందని కూడా అందులో ఉంది. ఆ నివేదిక సిన్సినాటి ప్రసంగానికి ఎనిమిది నెలల ముందుది. సెనేటర్ కార్ల్ లెవిన్ పట్టుబట్టిన తర్వాతే, 2005 నవంబర్‌లో, ఆ భాగం జనానికి తెలిసింది. సిన్సినాటిలో, భద్రతా మండలిలో అనుమానపు ముక్క తీసేసి ఆరోపణ ముక్క మాత్రమే చదివారు. ఒక్క వాక్యం ముందు ‘దీన్ని మన వాళ్లే నమ్మడం లేదు’ అన్న మాట చేర్చి ఉంటే ఆ ప్రసంగానికి ఎంత బలం మిగిలేదో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఈ ఏరివేత ఎలా జరిగిందో చూపే ఆధారాలు కూడా ఉన్నాయి. 2002 జూన్ 21 నాటి సీఐఏ నివేదిక ఇరాక్–అల్‌ఖైదా సంబంధాన్ని అస్పష్టమైనదని పేరులోనే చెప్పింది, సంబంధాలు కలపడంలో కావాలనే దూకుడుగా వెళ్లామని ముందుమాటలో ఒప్పుకుంది. అదీ సరిపోలేదు. పెంటగాన్‌లో ఉపమంత్రి స్థాయిలో ఉన్న డగ్లస్ ఫెయిత్ కార్యాలయం అవే ముడి నివేదికలను మళ్లీ తిరగేసి, సంబంధం గట్టిదని నిర్ధారించే సమర్పణ ఒకటి తయారుచేసింది. ఆగస్టులో అది సీఐఏ అధిపతి జార్జ్ టెనెట్ ముందుకు వెళ్లింది. సెప్టెంబర్‌లో శ్వేతసౌధం అధికారుల ముందుకు వెళ్లినప్పుడు అందులో ఒక పుట అదనంగా చేరింది. గూఢచారి సంస్థలు సమాచారాన్ని తూచే తీరే తప్పని ఆక్షేపించే పుట అది. ఎవరి పని తప్పని అంటున్నారో వాళ్లకే ఆ పుట చూపలేదు. ఈ పని చట్టవిరుద్ధం కాదు గానీ అనుచితమని పెంటగాన్ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2007 ఫిబ్రవరిలో తేల్చాడు. టెనెట్ కూడా ఈ పాపంలో భాగం లేనివాడేమీ కాదు. 2002 అక్టోబర్ 7న సెనేట్‌కు రాసిన లేఖలో ఇరాక్, అల్‌ఖైదా పెద్దల మధ్య పదేళ్లుగా పరిచయాలున్నాయని ఆయన గట్టిగానే చెప్పాడు. అదే లేఖలో ఇంకో మాటా ఉంది. రసాయన, జీవాయుధాలతో అమెరికా మీద ఉగ్రవాద దాడికి బాగ్దాద్ ఇప్పటికైతే పూనుకోవడం లేదు, అమెరికా దాడి ఖాయమనుకుంటే మాత్రం ఆ సంకోచం పోవచ్చు. ఆ వారంలోనే కాంగ్రెస్ ఉభయసభలూ యుద్ధానికి అనుమతిచ్చాయి, ప్రతినిధుల సభలో 296–133, సెనేట్‌లో 77–23 ఓట్లతో.

ఇప్పుడు ఎదుటి పక్షం వాదనలు. మొదటిది మనకందరికీ తెలిసిన సామెతే, నిప్పు లేనిదే పొగ రాదని. ఇన్ని భేటీలు, ఇన్ని నివేదికలు, ఇన్ని దేశాల నుంచి వచ్చిన కబుర్లు ఒట్టివే అవుతాయా అని అడిగారు. ఈ వాదన బలమంతా లెక్కలో ఉంది, బరువులో లేదు. ప్రాగ్ భేటీని వంద పత్రికలు రాసినా దాని అడుగున ఉన్నది ఒకే వేగు. విషవాయువుల శిక్షణ గురించి ఎన్ని ప్రసంగాలు వచ్చినా దాని అడుగున ఉన్నది ఒకే ఖైదీ. సల్మాన్ పాక్‌లో విమానపు డొల్ల పెట్టి హైజాకర్లకు తర్ఫీదు ఇచ్చారన్న కథ దేశం వదిలి వచ్చిన ఇరాకీల నుంచి వచ్చింది, ఆ చోట అల్‌ఖైదాకు శిక్షణ జరిగిందనడానికి నమ్మదగిన ఆధారం యుద్ధం తర్వాత దొరకలేదు. ఒక నివేదికను ఇంకొకటి ఉదహరిస్తుంది, దాన్ని మూడోది ఉదహరిస్తుంది, చివరికి మూడు సాక్ష్యాలున్నాయనిపిస్తుంది. పొగను లెక్కపెట్టే ముందు ఎన్ని పొయ్యిల నుంచి వస్తోందో చూడాలి. ఇక భేటీల మాటకొస్తే, అమెరికా అధికారులు కూడా బిన్ లాడెన్ విషయమై తాలిబన్ ప్రతినిధులను ఎన్నోసార్లు కలిశారు. కలవడాన్ని బట్టి తాలిబన్‌కు అమెరికా మిత్రురాలని ఎవరూ అనరు కదా.

రెండో వాదన దీనికన్నా గట్టిది. సద్దాం బాతిస్టు, మతానికి దూరం, బిన్ లాడెన్ మతోన్మాది, ఇద్దరికీ పొసగదని యుద్ధ వ్యతిరేకులు తరచూ చెప్పేవారు. దానికి జవాబుగా, శత్రువుకు శత్రువు మిత్రుడు కాడా అని యుద్ధ పక్షం అడిగింది. ఈ ఒక్క చోట యుద్ధ పక్షం మాటే సరైనదని నా అభిప్రాయం. సిద్ధాంతాలు వేరైనంత మాత్రాన చేతులు కలవవని చెప్పడానికి లేదు. షియా ఇరాన్‌తోనూ, హిజ్బొల్లాతోనూ సున్నీ అల్‌ఖైదాకు సూడాన్ రోజుల నుంచీ సంపర్కం ఉందనీ, సెప్టెంబర్ 11 హైజాకర్లలో 8 నుంచి 10 మంది ముందు నెలల్లో ఇరాన్ మీదుగా ప్రయాణించారనీ విచారణ సంఘమే రాసింది. దాడి గురించి ఇరాన్‌కు ముందే తెలుసనడానికి మాత్రం సాక్ష్యం లేదంది. గమనించండి, ఇరాన్ విషయంలో దొరికిన సాక్ష్యం ఇరాక్ విషయంలో దొరికిన దానికన్నా ఎక్కువ. కాబట్టి స్వభావాన్ని బట్టి ‘కలిసి ఉంటారు’ అనీ అనకూడదు, ‘కలవరు’ అనీ అనకూడదు. కలిసే వీలుంది అన్నది ఒక ఊహ. కలిశారా అన్నది సాక్ష్యం చెప్పవలసిన సంగతి. సద్దాంకు అల్‌ఖైదా మీద అపనమ్మకం ఉండేదనీ, వాళ్ల అభ్యర్థనలను కాదన్నాడనీ సెనేట్ సంఘం తేల్చినది యుద్ధం తర్వాత పట్టుబడిన మనుషుల మాటల నుంచి, దొరికిన కాగితాల నుంచి. అతని మతదృక్పథం నుంచి కాదు.

సద్దాం ఉగ్రవాదాన్ని పోషించలేదా అని అడిగేవాళ్లకు జవాబు, పోషించాడు. 1993లో కువైట్‌లో మాజీ అధ్యక్షుడు సీనియర్ బుష్‌ను చంపించబోయింది ఇరాక్ గూఢచారులేనని తేల్చి, ఆ జూన్‌లో అధ్యక్షుడు క్లింటన్ బాగ్దాద్‌లోని గూఢచారి కార్యాలయం మీద 23 క్షిపణులు వేయించాడు. పాలస్తీనా ఆత్మాహుతి దాడులు చేసినవాళ్ల కుటుంబాలకు 25 వేల డాలర్ల దాకా ఇచ్చాడు. పాలస్తీనా ఉగ్రవాద నాయకుడు అబూ నిదాల్ బాగ్దాద్‌లో ఉన్నాడు, 2002 ఆగస్టులో అక్కడే చచ్చాడు. యుద్ధం తర్వాత దొరికిన 6 లక్షలకు పైగా పత్రాలను పరిశీలించి పెంటగాన్ చేయించిన అధ్యయనం 2008 మార్చిలో వెలువడింది. అది కూడా ఈ సంగతిని దాచలేదు. 1990ల తొలినాళ్లలో, తర్వాత అల్‌ఖైదాలో కలిసిపోయిన ఈజిప్టు ఇస్లామిక్ జిహాద్ లాంటి ముఠాలకు సద్దాం సాయం చెయ్యజూసినట్టు చూపే పత్రాలు అందులో ఉన్నాయి. అల్‌ఖైదాతో నేరుగా కలిసి పనిచేసినట్టు చూపే పత్రం మాత్రం లేదు. యుద్ధ సమర్థకులు మొదటి ముక్కను పట్టుకున్నారు, వ్యతిరేకులు రెండో ముక్కను. నాకు కనిపించేది వేరు. అన్నేళ్లు యుద్ధ సమర్థకులు ‘ఇంకా పత్రాలు తెరవలేదు, తెరిస్తే తెలుస్తుంది’ అని వాదించారు. ఒక దేశపు ప్రభుత్వం కూలి, దాని బీరువాలన్నీ శత్రువు చేతిలో పడి, ఏళ్ల తరబడి వెతికిన సందర్భాలు చరిత్రలో అరుదు. సాక్ష్యం ఉండి ఉంటే బయటపడడానికి ఇంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు. ఇలా వెతికిన చోట దొరకకపోవడానికీ, వెతకని చోట దొరకకపోవడానికీ ఎంతో తేడా ఉంది. ఒక నేరం చేసినవాడు కాబట్టి ఈ నేరమూ అతనిదే అనడం న్యాయం కాదు, సద్దాం లాంటి క్రూరుడి విషయంలోనైనా సరే.

ఇంత పట్టింపు పెడితే ఏ ప్రభుత్వాన్నీ పట్టుకోలేమని, గూఢచర్యంలో కోర్టు రుజువులు దొరకవని చివరి ఆక్షేపణ. భారతీయులుగా మనం దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం, ఎందుకంటే పొరుగుదేశం మీద మన ఆరోపణకూ ఎదురయ్యేది ఇదే ప్రశ్న. కానీ దొరుకుతాయి. 2008 నవంబర్ ముంబై దాడుల్లో సరిహద్దు అవతలి నుంచి ఆదేశాలిస్తున్న గొంతులు రికార్డయ్యాయి. హంతకుడొకడు ప్రాణాలతో పట్టుబడ్డాడు. నగరాన్ని ముందుగా చూసివచ్చిన డేవిడ్ హెడ్లీ, తనకు ఆ పనికి 25 వేల డాలర్లు ఇచ్చింది పాక్ గూఢచారి సంస్థ అధికారి ‘మేజర్ ఇక్బాల్’ అని 2011లో షికాగో కోర్టులో ప్రమాణం చేసి చెప్పాడు. శిక్ష తగ్గించుకోవాలనుకున్న నేరస్తుడి మాటను ఎంత నమ్మాలో ఆలోచించవలసిందే, పాకిస్తాన్ దాన్ని కాదంటూనే ఉంది. అయినా అందులో పేరుంది, సొమ్ము ఉంది, ప్రయాణాలున్నాయి, ఎదుటి న్యాయవాది ప్రశ్నించే అవకాశముంది. బెర్లిన్‌లో 1986 ఏప్రిల్ 5న లా బెల్ డిస్కో మీద జరిగిన బాంబు దాడికి లిబియా గూఢచారుల ప్రమేయం ఉందని 2001 నవంబర్‌లో జర్మనీ కోర్టు తీర్పు చెప్పింది, తూర్పు జర్మనీ రహస్య పోలీసుల ఫైళ్ల సాయంతో. గడాఫీ స్వయంగా ఆదేశించాడన్నది మాత్రం రుజువు కాలేదని కూడా అదే కోర్టు చెప్పింది. ఏ మెట్టు దాకా రుజువైందో అక్కడే ఆగి చెప్పడం అంటే ఇది.

ఆగకపోతే ఏమవుతుందో అమెరికా ప్రజల మనసుల్లో కనిపించింది. 2003 ఆగస్టు నాటి వాషింగ్టన్ పోస్ట్ సర్వేలో 69 శాతం మంది, సెప్టెంబర్ 11 దాడుల్లో సద్దాంకు స్వయంగా ప్రమేయం ఉండి ఉండవచ్చని నమ్మారు. సెప్టెంబర్ 17న బుష్, సద్దాంకు ఆ దాడితో సంబంధం ఉందనడానికి తమ దగ్గర సాక్ష్యం లేదని ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది జూన్‌లో మళ్లీ, దాడిని సద్దాం, అల్‌ఖైదా కలిసి చేశారని మేమెప్పుడూ అనలేదు, సంబంధం ఉందని మాత్రమే అన్నామని చెప్పాడు. నిజమే, ఆ వాక్యం ఎక్కడా దొరకదు. పక్కపక్కనే రెండు పేర్లు పదేపదే పలికితే వినేవాళ్లు వాటిని కలుపుకుంటారు. ఆ కలుపుకోవడానికి బాధ్యత పలికినవాళ్లదే. భాగస్వామ్యం ఉందనీ, శిక్షణ ఇచ్చారనీ అధ్యక్షుడు, విదేశాంగ మంత్రి చేసిన ప్రకటనలకు గూఢచారి సమాచారపు ఆధారం లేదని సెనేట్ సంఘం 2008 జూన్‌లో తేల్చింది. ప్రతి ఒక్కరూ తెలిసి అబద్ధమాడారని నేను అనను, రెండోసారి దాడి జరుగుతుందన్న భయం ఆ రోజుల్లో నిజమైనదే. కానీ భయపడినవాడికి సాక్ష్యాన్ని ఇంకా జాగ్రత్తగా చూడవలసిన అవసరం ఉంటుంది, ఎందుకంటే తప్పు దిక్కున కొట్టిన దెబ్బకు అసలు శత్రువు తప్పించుకుంటాడు. లక్షకు పైగా ఇరాక్ పౌరులు, 4,400 మందికి పైగా అమెరికా సైనికులు ఆ యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. భారత లోక్‌సభ 2003 ఏప్రిల్ 8న ఆ యుద్ధాన్ని నిందిస్తూ తీర్మానం చేసింది, జూలైలో వాజ్‌పేయి ప్రభుత్వం అక్కడికి సేనలు పంపేది లేదంది. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లకు మనం రుణపడి ఉన్నాం.

2003 ఆగస్టు 19న బాగ్దాద్‌లోని ఐక్యరాజ్యసమితి కార్యాలయాన్ని జర్కావీ మనుషులు పేల్చేశారు. సమితి ప్రతినిధి సెర్జియో వియెరా డి మెల్లోతో కలిపి 22 మంది చనిపోయారు. అతని ముఠాయే పేర్లు మార్చుకుంటూ పెరిగి, 2014లో మోసుల్‌ను పట్టుకున్న ఇస్లామిక్ స్టేట్ అయింది. 2015లో లిబియాలోని సిర్తేలో పనిచేస్తున్న ఇద్దరు తెలుగు అధ్యాపకులను బంధించి ఏడాదికి పైగా విడిచిపెట్టనిది దాని శాఖే. జర్కావీ బిన్ లాడెన్‌కు విధేయత ప్రకటించి తన ముఠాకు అల్‌ఖైదా పేరు పెట్టుకున్నది 2004 అక్టోబర్‌లో. అప్పటికి సద్దాం అమెరికా చెరలో పడి పది నెలలైంది.

(వచ్చే భాగంలో: బెర్లిన్ లా బెల్ కేసు, తూర్పు జర్మనీ రహస్య ఫైళ్లు)